ఈసీఎల్ పని కామర్స్ వాళ్ళది కాదా?

ప్రశ్న: ఎంకామ్ చివరి ఏడాది చదువుతున్నాను. అకౌంట్స్ అంటే ఇష్టం. ఒక బ్యాంకు రిస్క్ విభాగంలో ఈసీఎల్ (అప్పుల్లో రాబోయే నష్టాన్ని అంచనా కట్టే పని) ట్రైనీగా అవకాశం వచ్చింది. అది స్టాటిస్టిక్స్ వాళ్ళ పని, నువ్వు నెగ్గుకురాలేవని స్నేహితులు అంటున్నారు. నాన్నగారేమో ఆడిట్ వైపు వెళ్ళమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చేరమ్మా. నీ స్నేహితులు చెప్పింది సగమే నిజం. ఆ నష్టాన్ని అంచనా కట్టే లెక్కల మోడల్ కట్టడానికి స్టాటిస్టిక్స్ కావాలి. కానీ ఆ మోడల్ ఇచ్చిన అంకె లాభనష్టాల ఖాతాలో పడుతుంది. ఆ అంకె ఎందుకు అంత ఉందో ఆడిటర్ ముందు కూర్చుని చెప్పగలిగే మనిషి కూడా కావాలి. అలాంటివాళ్ళు దొరకడమే కష్టం.

ఈసీఎల్ అంటే ఎక్స్‌పెక్టెడ్ క్రెడిట్ లాస్. ఇచ్చిన అప్పుల్లో ఎంత వెనక్కి రాకపోవచ్చో ముందే అంచనా కట్టి, ఆ మేరకు ఇప్పుడే ప్రొవిజన్ (నష్టం కోసం లాభంలోంచి పక్కన పెట్టే మొత్తం) రాయడం. పాత ప్రమాణం ఐఏఎస్ 39 కింద, నష్టం జరిగిందన్న రుజువు కనిపించాకే రాసేవారు. 2008 సంక్షోభంలో ఆ పద్ధతి లోపం బయటపడింది. ప్రొవిజన్లు చాలలేదు, రాసినవి కూడా ఆలస్యంగా రాశారు. అందుకే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు రూపొందించే ఐఏఎస్‌బీ 2014 జూలైలో ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 అనే కొత్త ప్రమాణాన్ని ఖరారు చేసింది. 2018 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అమెరికాలో సెసిల్ అని వేరే పద్ధతి ఉంది. అక్కడ అప్పు ఇచ్చిన రోజునే మొత్తం కాలానికి లెక్కకట్టాలి.

ఒక అప్పు తీసుకుని చూద్దాం. బాకీ 10 లక్షలు. ఏడాదిలోగా ఎగవేసే అవకాశాన్ని పీడీ అంటారు, అది 2 శాతం అనుకో. ఎగవేస్తే తాకట్టు అమ్మినా మునిగిపోయే భాగం ఎల్‌జీడీ, అది 40 శాతం. ఎగవేసే నాటికి ఉండే బాకీ ఈఏడీ, అది ఆ 10 లక్షలే అనుకుందాం. మూడూ గుణిస్తే 8,000. దీన్ని అప్పు తాలూకు ఎఫెక్టివ్ వడ్డీ రేటుతో డిస్కౌంట్ చేసి నేటి విలువకు తేవాలి కూడా, ఇక్కడ వదిలేశాను.

ఇక్కడితో ఆగకూడదు. పరిస్థితి ఇప్పటిలాగే ఉంటే పీడీ 2 శాతం. బాగుపడితే 1.5, దిగజారితే 4. ఈ మూడింటికీ వరుసగా 50, 20, 30 శాతం వెయిటేజీ ఇస్తే సగటు 2.5 శాతం వస్తుంది, ప్రొవిజన్ 10,000 అవుతుంది. మధ్య అంచనా ఒక్కటే పట్టుకున్నవాడు 2,000 తక్కువ రాసినట్టు. చెడ్డకాలంలో నష్టం పెరిగినంతగా మంచికాలంలో తగ్గదు, తేడా అక్కడే వస్తుంది.

ఇక స్టేజీలు. మామూలుగా ఉన్న అప్పు స్టేజ్ 1. వచ్చే 12 నెలల్లో ఎగవేసే అవకాశాన్నే దానికి లెక్కలోకి తీసుకుంటారు. అప్పు ఇచ్చిన నాటితో పోలిస్తే రిస్క్ గణనీయంగా పెరిగితే స్టేజ్ 2, అప్పుడు మిగిలిన కాలమంతటికీ లెక్కకట్టాలి. మన అప్పుకి ఆ మొత్తం కాలపు పీడీ 15 శాతం అనుకుంటే ప్రొవిజన్ 60,000 కావాలి. ముందే 10,000 ఉంది కాబట్టి, మిగిలిన 50,000 లాభనష్టాల ఖాతాకి డెబిట్, ప్రొవిజన్‌కి క్రెడిట్. ఎగవేత ఇంకా జరగనే లేదు, లాభం మాత్రం తగ్గింది. స్టేజ్ 3 అంటే అప్పు పాడైనట్టే. ప్రొవిజన్ 4 లక్షలకు చేరితే, ఆ తర్వాత వడ్డీ ఆదాయాన్ని 10 లక్షల మీద కాదు, మిగిలిన 6 లక్షల మీదే లెక్కించాలి.

'అప్పు ఇచ్చిన నాటితో పోలిస్తే' అన్న మాట గట్టిగా పట్టుకో. మొదటి నుంచీ రిస్క్ ఎక్కువని తెలిసి, ఎక్కువ వడ్డీకి ఇచ్చిన అప్పు స్టేజ్ 1లోనే ఉండొచ్చు. ఎంతో మంచిదనుకుని ఇచ్చిన అప్పు రేటింగ్‌లో రెండు మెట్లు జారితే స్టేజ్ 2కి పోవచ్చు.

మాక్ ఇంటర్వ్యూల్లో పిల్లల్ని నేను ఒకటి అడుగుతాను: "వాయిదా 32 రోజులు ఆలస్యమైంది, ఏ స్టేజ్?" అందరూ టక్కున 2 అంటారు. నిజమే, 30 రోజులు దాటితే రిస్క్ పెరిగినట్టే అనుకోవాలని ప్రమాణం చెబుతుంది. కానీ రుజువు చూపించి ఆ అనుకోలును కాదనవచ్చు. ఖాతాలో డబ్బుండి, బ్యాంకు సిస్టమ్ తప్పు వల్లే వాయిదా జమకాకపోతే? ఇంకొక కంపెనీ ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు, కానీ దాని అతిపెద్ద కొనుగోలుదారు చేజారిపోయాడు. దాన్ని స్టేజ్ 1లోనే ఉంచుతావా? ఇలాంటి చోట బుర్ర పెట్టి, కారణం కాగితం మీద రాసేవాళ్ళే ఈ పనికి సరైనవాళ్ళు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇదే పెద్ద ఎత్తున జరిగింది. వాయిదాలకు విరామం ఇవ్వడంతో ఆలస్యపు రోజుల లెక్క చాలా అప్పుల్లో అర్థం కోల్పోయింది. పాత డేటా మీద కట్టిన మోడళ్ళు అలాంటి కాలాన్ని చూసి ఎరగవు. మోడల్ అంకె మీద మేనేజ్‌మెంట్ ఓవర్‌లే అని అదనపు ప్రొవిజన్ కలిపి, ఎందుకు కలిపారో రాసి పెట్టుకోవాల్సి వచ్చింది.

నాన్నగారికి ఒక మాట చెప్పు. పెద్ద బ్యాంకుల ఆడిట్ నివేదికల్లో కీలక అంశంగా తరచూ కనిపించేది ఈ ప్రొవిజన్ లెక్కే. రెండు మూడేళ్ళు ఇక్కడ పనిచేసి ఆడిట్‌కి వెళ్ళినా, ఆ అనుభవం వృథా పోదు.

చేరేలోగా ఎక్సెల్‌కి తోడు, డేటాబేస్ నుంచి సమాచారం బయటికి తీసే ఎస్‌క్యూఎల్ నేర్చుకో. ఎగవేసే అవకాశాన్ని లెక్కకట్టే లాజిస్టిక్ రిగ్రెషన్ ఫలితం చదివి అర్థం చేసుకునేంత స్టాటిస్టిక్స్ వస్తే మొదటి ఏడాదికి చాలు. పైథాన్ తర్వాత చూసుకోవచ్చు. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 పాటించే ఏదైనా పెద్ద బ్యాంకు వార్షిక నివేదికలో క్రెడిట్ రిస్క్ నోట్ తెరువు. స్టేజీలవారీగా అప్పులు, ప్రొవిజన్లు పట్టికలో ఉంటాయి. ప్రొవిజన్‌ని అప్పుతో భాగించి, రెండేళ్ళ శాతాలు పక్కపక్కన రాయి. స్టేజ్ 2లో శాతం ఎందుకు మారిందో ఆ నోట్‌లోనే వెతుకు. ఇలా మూడు బ్యాంకులకి చేస్తే భయం చాలావరకు పోతుంది.

ఆఫర్ ఒప్పుకునే ముందు ఒక్కటి అడుగు: నిన్ను వేసేది మోడల్ కట్టే టీమ్‌లోనా, దాన్ని సరిచూసే వ్యాలిడేషన్‌లోనా, నెలాఖరున అంకెలు తేల్చి పద్దు రాసే టీమ్‌లోనా? నీకున్న ఇష్టానికి మూడోది సరిపోతుంది. మొదటిదే ఇస్తామన్నా వద్దనకు, కాకపోతే ఆరు నెలలు స్టాటిస్టిక్స్ మీద గట్టిగా కూర్చోవాల్సి వస్తుంది.