తడి ఎక్కడ తగిలిందో చూడండి
పసిపిల్లల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా బాబుకు పదో నెల నడుస్తోంది. బరువు 9 కిలోల 700 గ్రాములు. దోగాడటం మొదలుపెట్టిన దగ్గర నుంచి ఒక్కచోట కుదురుగా ఉండడు, మంచం కోళ్ళు పట్టుకొని లేచి నిలబడుతున్నాడు. ఇంతకు ముందు ఏ ఇబ్బందీ లేదు గానీ, ఇప్పుడు డైపర్ వేసిన గంటన్నరకే తొడల పక్కన కారిపోయి లాగు, పక్కబట్టలు అన్నీ మార్చాల్సి వస్తోంది. మూడు కంపెనీలవి వాడి చూశాము. పెద్ద సైజు వేస్తే ఎక్కువ పీలుస్తుందని మా అత్తమ్మ అంటున్నారు. ఏ కంపెనీది కొంటే కారకుండా ఉంటుందో చెప్పండి.
- ఒక తల్లి, కావలి

జవాబు: కంపెనీ సంగతికి వచ్చే ముందు మీ ఉత్తరంలోని ఒక మాటను పట్టుకుంటాను. తడి తొడల పక్కన తగులుతోందని రాశారు. ఈసారి కారినప్పుడు డైపర్‌ను విప్పగానే చుట్టి పారేయకుండా, ఒక్క నిమిషం చేతిలోకి తీసుకొని చూడండి. నిండిపోయి కారిన డైపర్ ముందు నుంచి వెనుక దాకా ఉబ్బి, బరువుగా, ముద్దలాగా ఉంటుంది. అలా కాక, ముందు భాగం మాత్రమే తడిసి వెనుక సగం పొడిగానే ఉంటే, దానికి పీల్చే శక్తి చాలక కాదు, కాలి దగ్గర సందు దొరికి మూత్రం బయటికి వచ్చిందని అర్థం. గంటన్నరకే కారుతోందంటే మీది ఈ రెండో రకమేనని నాకు అనిపిస్తోంది. ఆ సందును మూయకుండా మూడు కాదు, ఆరు కంపెనీలు మార్చినా ఫలితం ఉండదు.

డైపర్‌కు తొడల వైపు రెండు అంచులు ఉంటాయి. బయట కుచ్చులు కుచ్చులుగా కనిపించే ఎలాస్టిక్ అంచు ఒకటి. దాని లోపల, పలుచని గుడ్డలాంటి పొరతో, చిన్న గట్టులాగా నిలబడే అంచు ఇంకొకటి. పక్కకు వచ్చే మూత్రాన్ని, పలుచని విరేచనాన్ని మొదట ఆపేది ఈ లోపలి గట్టే. పడుకోబెట్టి నిదానంగా వేసిన రోజుల్లో అది దానంతట అదే నిలబడేది. ఇప్పుడు మీ బాబు తప్పించుకొని పారిపోతుంటే మీరు వెనకాలే వెళ్ళి హడావుడిగా ప్యాంటు తొడిగినట్లు తొడుగుతుంటారు కాబట్టి, ఆ గట్టు లోపలికి మడత పడి పడుకుండిపోతుంది. తొడిగిన తరువాత చూపుడు వేలితో గజ్జల వెంట, ముందు నుంచి వెనుక వరకు, రెండు కాళ్ళ దగ్గరా ఒకసారి తిప్పి బయటి కుచ్చులను బయటికి తీసి, లోపలి గట్టును పైకి లేపండి. ఇరవై సెకన్ల పని. బాబును పడుకోబెట్టలేకపోతే, మంచం కోడు పట్టుకొని నిలబడి ఉన్నప్పుడే తొడిగితే ఇంకా సులభం. ఈ వయసు పిల్లలకు ప్యాంటు రకం డైపర్లు నప్పేది అందుకే. చుట్టి పారేయడానికి అతికించిన టేపు ఉన్న వైపు వీపుకు రావాలి. తిరగేసి వేస్తే మగపిల్లవాడికి అసలు అవసరమైన ముందు భాగంలో పీల్చే పదార్థం తగినంత ఉండదు.

మొలతాడు సంగతి ఏ ప్యాకెట్టు మీదా రాసి ఉండదు గనుక ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను. మొన్న సింగరాయకొండలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె మనవడికీ సరిగ్గా మీరు రాసిన ఇబ్బందే కనిపించింది. వాడికి మువ్వలు కూర్చిన వెండి మొలతాడు ఉంది. డైపర్ నడుము పట్టీ ఆ మువ్వల మీదుగా వెళ్ళడం వల్ల ఒక్కొక్క మువ్వ దగ్గర వేలు దూరేంత సందు ఏర్పడి, వాడు బోర్లా పడుకొని దోగాడిన ప్రతిసారీ పొట్ట వైపు నుంచి తడి బయటికి వస్తోంది. మొలతాడును పట్టీకి పైన, ఒంటికి అంటి ఉండేటట్టు సర్దాక ఆ సాయంత్రమంతా వాడి చొక్కా తడవలేదు. నల్లతాడైనా సరే, తాయెత్తు గానీ ముడి గానీ ఉంటే ఇదే జరుగుతుంది. మొలతాడు తీసేయమని నేను చెప్పడం లేదు. అది డైపర్ లోపల ఉండకుండా చూడమంటున్నాను. లోపల ఉంటే తడికి నాని చర్మం ఒరుసుకుపోతుంది కూడా.

ఇక పెద్ద సైజు విషయం. పెద్ద సైజులో పీల్చే పదార్థం కాస్త ఎక్కువే ఉంటుంది కాబట్టి మీ అత్తమ్మగారి మాటలో ఆ మేరకు నిజముంది. కానీ తొడ దగ్గర వదులైతే ఆ ఎక్కువ పదార్థం దాకా మూత్రం చేరనే చేరదు. ఎక్కువ కంపెనీల లెక్కలో ఎం సైజు 7 నుంచి 12 కిలోల వరకు, ఎల్ సైజు 9 నుంచి 14 కిలోల వరకు ఉంటుంది. మీ బాబు బరువుకు ఈ రెండూ సరిపోతాయని ప్యాకెట్టు చెబుతుంది గనుక, తేల్చుకోవలసింది కాటాతో కాదు, బాబు తొడలను, నడుమును చూసి. డైపర్ విప్పినప్పుడు తొడ మీద పడిన గుర్తులు కొద్ది నిమిషాల్లో మాసిపోతే సైజు సరిగ్గా ఉన్నట్టు. చాలాసేపటి వరకు ఎర్రగా, లోతుగా ఉండిపోతే, లేదా వెనుక పిర్రలు పూర్తిగా మూతపడక పై భాగం బయట కనిపిస్తుంటే, ఎల్‌కు మారండి. నడుము పట్టీ బొడ్డు దగ్గర కూర్చొని, రెండు వేళ్ళు దూరేంత బిగువుగా ఉండాలి. వేసిన వెంటనే కాకుండా, పది నిమిషాలు దోగాడనిచ్చిన తరువాత మళ్ళీ చూడండి. కుదురుగా ఉన్నప్పుడు సరిపోయినది కదిలే బిడ్డకు జారిపోవచ్చు.

మగపిల్లవాడు కాబట్టి తొడిగేటప్పుడు చుల్లి కిందికి ఉండేటట్టు సర్దడం మరచిపోకూడదు. పైకి గానీ పక్కకు గానీ ఉంటే మూత్రం నేరుగా నడుము పట్టీకో తొడ అంచుకో తగులుతుంది. అలాగే నూనె రాసి, నలుగు పెట్టి స్నానం చేయించే ఇళ్ళలో తొడల మడతల్లో జిడ్డు మిగిలిపోతూ ఉంటుంది. ఆ జిడ్డు మీద కాలి అంచు జారుతుంది, టేపు రకమైతే టేపు అంటుకోదు, డైపర్ పై పొరకు నూనె పట్టి తడి లోపలికి దిగడం ఆలస్యమవుతుంది. మెత్తని బట్టతో మడతలు తుడిచి, ఆరిన తరువాతే వేయండి.

ఇప్పుడు కంపెనీ మాట. డైపర్ మీద గ్లాసుడు నీళ్ళు పోసి చూపించే పరీక్షను మీరూ ఎప్పుడో చూసే ఉంటారు. దాన్ని బట్టి ఎంచుకోవద్దు. డైపర్ మధ్యలో ఉండే గుండ మామూలు పిండి కాదు, తడి తగలగానే జిగురు ముద్దగా మారే పాలిమర్. ఉప్పు లేని నీటిని అది తన బరువుకు వందల రెట్లు పీల్చగలదు గానీ, మూత్రంలో లవణాలు ఉంటాయి గనుక దాన్ని అంతకంటే చాలా తక్కువగా, కొన్ని పదుల రెట్లే పీలుస్తుంది. దానికి తోడు పది కిలోల బిడ్డ ఆ ముద్ద మీద చతికిలబడి కూర్చుంటాడు. కాబట్టి ప్యాకెట్టు మీద ఇన్ని గంటలని రాసి ఉన్నా, మెలకువగా తిరిగే వేళల్లో మూడు నాలుగు గంటలకొకసారి మార్చాల్సిందే, విరేచనమైతే వెంటనే మార్చాల్సిందే. మెడికల్ షాపుల్లో నాలుగైదు డైపర్లుండే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. రెండు రకాలవి తెచ్చి, పైన చెప్పిన విధంగా తొడిగి, మీ బాబు తొడకు ఏది కుదిరితే అది కొనండి. ఒక బిడ్డకు కుదిరినది ఇంకొక బిడ్డకు కుదరదు కాబట్టి, నేను ఒక పేరు చెప్పడం మీకు మేలు చేయదు.

ప్రశ్న: మాకు ఎనిమిది నెలల పాప. మా ఇంట్లో అంతా గ్రానైట్ నేల. పాప కూర్చొనే పిర్రల మీద జరుగుతూ ముందుకు పోతుంది. డైపర్ వెనక్కి జారి, వీపు వైపు నుంచి విరేచనం పైకి వచ్చేస్తోంది. రాత్రిళ్ళు కూడా వెనుకే తడుస్తోంది.
- ఒక తల్లి, చీమకుర్తి

జవాబు: ఆడపిల్లల్లో తడి మధ్యకు, పడుకున్నప్పుడు వెనక్కి చేరుతుంది కాబట్టి రాత్రి వెనుక తడవడంలో వింత లేదు. తొడిగేటప్పుడు వెనుక భాగాన్ని ముందుకన్నా ఒక వేలెడు పైకి లాగి ఉంచండి. పిర్రల మీద జరిగే పిల్లలకు నేల డైపర్‌ను పట్టుకొని కిందికి గుంజుతుంది, అందుకని డైపర్ మీద కొంచెం బిగువైన నూలు చెడ్డీ వేస్తే అది జారదు. రబ్బరు గానీ ప్లాస్టిక్ గానీ చెడ్డీ వద్దు, లోపల ఉడికిపోతుంది. విరేచనమైన ప్యాంటు డైపర్‌ను కాళ్ళ మీదుగా కిందికి లాగకుండా, రెండు పక్కలా కుట్టు దగ్గర చించి తీయండి. తుడిచేటప్పుడు ముందు నుంచి వెనక్కే తుడవండి. మీ ఊరి నల్ల గ్రానైట్ మీద తడి కంటికి కనిపించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పాప తిరిగిన చోటల్లా అరచేత్తో తడిమి, పొడి గుడ్డతో తుడిచేయండి. మంచం పట్టుకొని లేచే వయసులో ఆ కాస్త తడి మీద జారితే తల నేలకు తగులుతుంది.

రాత్రి కారకుండా ఉండాలని పడుకునే ముందు పాలు తగ్గించడం కొందరు చేస్తున్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయవద్దు. పడుకోబోయే ముందు కొత్త డైపర్ వేయండి, అది చాలకపోతే రాత్రికి మాత్రం ఒక సైజు పెద్దది వేసి చూడండి. కదలకుండా పడుకునే వేళ కాబట్టి, పగలు పనికిరాని ఆ ఉపాయం రాత్రి పనికివస్తుంది.

ప్రశ్న: నా మనవరాలికి పదకొండు నెలలు. డైపర్ వేస్తే దొడ్డికాళ్ళు వస్తాయని మా వీధిలో అంటున్నారు. ఎండలు ముదిరినప్పటి నుంచి గజ్జల్లో ఎర్రగా కందిపోయి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు కూడా లేచాయి. మా కోడలు షాపులో అడిగి ఏదో క్రీము తెచ్చి రాస్తోంది. డైపర్ పూర్తిగా మానేయాలా?
- ఒక జేజి, టంగుటూరు

జవాబు: అమ్మా, కాళ్ళ గురించి దిగులు పెట్టుకోకండి. పుట్టిన పిల్లలందరికీ కాళ్ళు కొంత వంపుగానే ఉంటాయి, రెండేళ్ళు వచ్చేసరికి వాటంతట అవే చక్కబడతాయి. డైపర్ వల్ల ఆ వంపు రాదు. రెండేళ్ళు దాటాక కూడా ఉన్నా, ఒక్క కాలే వంగి ఉన్నా వైద్యునికి చూపించాలి.

నాకు భయం వేసింది ఆ క్రీము మాట చదివినప్పుడు. తడికి, ఒరిపిడికి వచ్చే కందుడు పిర్రల ఉబ్బుగా ఉన్న చోట వస్తుంది, మడతల లోపలికి అంతగా పోదు. మడతల్లోనే బాగా ఎర్రబడి, చుట్టూ చిన్న పొక్కులు లేచాయంటే అది బూజు జాతి సూక్ష్మజీవి వల్ల వచ్చినదై ఉండవచ్చు. షాపులో అడగ్గానే ఇచ్చే క్రీములు కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది రాసి పైన డైపర్ మూసేస్తే మందు మామూలు కన్నా ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుంది, చర్మం పలచబడుతుంది, రెండు రోజులు తగ్గినట్టు కనిపించి బూజు మళ్ళీ పెరుగుతుంది. ఆ ట్యూబును పట్టుకొని పాపను పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకొని వెళ్ళమని మీ కోడలికి చెప్పండి. ఆమెను కోప్పడవద్దు, బిడ్డకు తగ్గాలనే కదా తెచ్చింది.

డైపర్ పూర్తిగా మానాల్సిన పని లేదు గానీ, పుండు మానే వరకు పగలు మీ రోజుల నాటి పొత్తిగుడ్డలే మేలు. మెత్తబడిన పాత నూలు చీర ముక్కలను సబ్బు వాసన లేకుండా జాడించి, ఎండలో ఆరవేసి వాడండి. తడిసిన వెంటనే మార్చాలి. రోహిణి కార్తెలో మన వైపు వీచే వడగాలికి, సముద్రం నుంచి వచ్చే ఉక్కకు బిడ్డ ఒళ్ళు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది కాబట్టి, రోజుకు రెండు మూడు సార్లు అరగంట పాటు ఏమీ వేయకుండా చాప మీద వదిలేయండి. మామూలు కందుడుకు జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము పలచగా రాయవచ్చు; మందంగా పూస్తే డైపర్ పై పొర మూసుకుపోయి మళ్ళీ కారుతుంది. పౌడరు వద్దు. మడతల్లో ముద్ద కడుతుంది, పైకి లేచిన దుమ్మును బిడ్డ పీలుస్తుంది.

ప్రశ్న: నెలకొకసారి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బాబుతో చెన్నై వెళ్ళి వస్తాము. ప్రయాణంలో డైపర్ చిరిగి లోపలి జిగురు గుండ ఒంటికి అంటుకుంది. ప్రమాదమా? వాడినవి ఎక్కడ వేయాలి?
- ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ప్రమాదం కాదు. తడి బట్టతో తుడిచేస్తే పోతుంది, నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూడండి. ప్రయాణంలో బిడ్డ ఒళ్ళోనే కూర్చుంటాడు కాబట్టి డైపర్ మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఇంటి దగ్గర కన్నా ఒక గంట ముందే మార్చండి. మధ్యలో ఉండే పసుపు గీత నీలంగా మారడాన్ని బట్టి కూడా తెలుసుకోవచ్చు. వాడిన దానిలోని మలాన్ని మరుగుదొడ్డిలో వదిలి, డైపర్‌ను బిగువుగా చుట్టి దాని టేపుతోనే అతికించి, పాత కాగితంలో పెట్టి ఇంటికి తెచ్చుకొని, చెత్త బండి వచ్చినప్పుడు విడిగా ఇవ్వండి. ఇలా చుట్టి ఇవ్వాలని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కూడా చెబుతున్నాయి. రైలు మరుగుదొడ్డిలో డైపర్‌ను మాత్రం వేయకండి. లోపలి గుండ నీటికి ఉబ్బి గొట్టం మూసుకుపోతే, ఆ బోగీలో ఉన్న పిల్లల తల్లులందరూ చెన్నై దాకా ఇబ్బంది పడతారు.