కంప్యూటర్లు ఐదే ఉన్నా స్క్రాచ్ నేర్పించొచ్చు బుజ్జీ

బుజ్జీ,

నడిచే కంప్యూటర్లు ఐదే, ఎనిమిదో తరగతిలో పిల్లలు నలభై మంది, నెట్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు, ఇంక స్క్రాచ్ ఏం నేర్పిస్తాను పిన్నీ అన్నావు. నేర్పించొచ్చమ్మా. స్క్రాచ్ అంటే రంగురంగుల ఆర్డర్ల బ్లాకులు ఒకదాని కింద ఒకటి పేర్చి, తెర మీద బొమ్మల్ని కదిలించే పిల్లల ప్రోగ్రామింగే కదా. కాకపోతే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చునే సరికే సగం పని అయిపోయి ఉండాలి.

ముందు నెట్ గొడవ వదిలించుకో. స్క్రాచ్‌కి ఆఫ్‌లైన్ యాప్ ఉంది, ఉచితమే. ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి అన్నిట్లో ఎక్కించు. విండోస్ 10 కంటే పాతవైతే ఇప్పటి యాప్ పనిచెయ్యదు, వెళ్లగానే అది చూసుకో. పిల్లలకి అకౌంట్లు, ఈమెయిళ్లు అక్కర్లేదు. ఫైలు పేరులో గ్రూపు నంబరు మాత్రం పెట్టించు, లేకపోతే ఎవరిదేదో తెలీక కొట్లాడుకుంటారు. యూపీఎస్‌లు పాడైపోయి ఉంటే కరెంటు పోగానే చేసిందంతా పోతుంది, కాబట్టి ఐదు నిమిషాలకోసారి సేవ్ చెయ్యమని నువ్వే కేకెయ్యి.

నీది లెక్కలు కదా, త్రిభుజంతో మొదలుపెట్టు. వరండాలో సుద్దముక్కతో పెద్ద సమబాహు త్రిభుజం గీసి, ఒక పిల్లని స్క్రాచ్ తెర మీద మనం చెప్పినట్టు కదిలే పిల్లి బొమ్మలాగా గీత మీద నడవమను, మిగతావాళ్లు ఆర్డర్లు వెయ్యాలి: ఇన్ని అడుగులు ముందుకి, ఇన్ని డిగ్రీలు తిరుగు. మూలకి రాగానే దాదాపు అందరూ 60 అనే అరుస్తారు. ఆ పిల్ల నిజంగా 60 డిగ్రీలే తిరిగితే గీత వదిలేసి బయటికి పోతుంది. అప్పుడు నువ్వేం చెప్పకు. కాసేపు వాదించుకుని 120 తిరగాలని వాళ్లే పట్టుకుంటారు. బాహ్యకోణం అంటే ఏంటో బోర్డు మీద ఎంత గీసినా ఎక్కనివాళ్లకి కూడా అక్కడ ఎక్కుతుంది. చతురస్రానికి 90, క్రమ పంచభుజికి 72, ఏదైనా చుట్టూ తిరిగొస్తే మొత్తం 360. ఆ తర్వాత బ్లాకులు ఏ వరసలో పెట్టాలో నోట్‌బుక్‌లో రాసి చూపించిన గ్రూపునే కంప్యూటర్ దగ్గరికి పంపు. అలా రాసుకొచ్చిన గ్రూపుకి పది నిమిషాలు చాలు, ఈలోపు మిగతావాళ్లు వరండాలో షడ్భుజి నడుస్తుంటారు.

కంప్యూటర్‌కి ముగ్గురు. ఒకరి చేతిలో మౌస్, ఒకరు నోట్‌బుక్ చూసి చెప్పాలి, మూడోవాళ్లు తప్పులు పట్టాలి, కాసేపటికి మార్చెయ్యి. నువ్వు చూడకపోతే ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడే మౌస్ పట్టుకుని వదలడు, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తుంటారు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు, గట్టిగా ఉండు.

తర్వాత స్క్రాచ్‌లో బొమ్మల కథలు చేయించేటప్పుడు తెలుగు టైపింగ్ దగ్గర పీరియడ్ అంతా పోతుంది, అందుకని మాటలు వాళ్ల గొంతుతోనే నీ ఫోన్లో రికార్డ్ చేయించు. చాలా ఫోన్లు ఎం4ఏ ఫైలు ఇస్తాయి, అది స్క్రాచ్ తీసుకోదు, ఎంపీ3గానో వేవ్‌గానో మార్చి ఎక్కించు. బొమ్మలు కాగితం మీద గీయించి ఫోటో తీస్తే సరిపోతుంది. ముందు బ్యాక్‌డ్రాప్‌లకే, అంటే పాత్రల వెనక కనిపించే దృశ్యాలకే వాడు, ఎందుకంటే పాత్రలైతే చుట్టూ కాగితం తెలుపు పెట్టెలా కనిపిస్తుంది, అది చెరపడానికి ఓపిక కావాలి.

హెచ్ఎం గారిని ముందుగా రెండు మౌస్‌లు అడుగు, కొత్త కంప్యూటర్ల సంగతి తర్వాత. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏదైనా అడ్డం తిరిగితే స్క్రీన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, సాయంత్రం మాట్లాడుకుందాం.

మీ పిన్ని