ఎకరం కుదువ పెట్టొద్దు తమ్ముడూ, గడియారం కొనుక్కో

(సివిల్స్, రాష్ట్ర ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్ల ఉత్తరాలకు ఇక్కడ జవాబులిస్తున్న మా మిత్రుడు మూడుసార్లు సివిల్స్ మెయిన్స్ (రెండో దశ రాతపరీక్ష) రాశారు, ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లారు. ఇప్పుడు ఒక మండలాఫీసులో డిప్యూటీ తహసీల్దారు.)

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది నర్సంపేట దగ్గర పల్లె. బీసీలం. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఢిల్లీలో కోచింగ్‌కి ఫీజు, రూము, తిండి అన్నీ కలిపి ఏడాదికి మూడున్నర లక్షలు అవుతుందన్నారు. ఉన్న రెండెకరాల పత్తిచేనులో ఎకరం కుదువ పెట్టి తెస్తానంటున్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోవడం లేదు. వెళ్లమంటారా? మెయిన్స్ తెలుగులో రాస్తే గెలవగలనా? తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా (మనం ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకోవచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అమ్మ మాట విను తమ్ముడూ. చేను జోలికి పోవద్దు.

నేను ఢిల్లీ పోలేదు, హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనే ఉన్నాను. అరవై వేలు మూడు వాయిదాల్లో కట్టాను. కట్టినందుకు ఇచ్చింది జిరాక్సు నోట్సు, ఫ్యాను కింద కాళ్లు చాపుకోవడానికి లేని హాలు. టెస్టు రాసిస్తే నలభై రోజులకు పేపరు తిరిగొచ్చింది. చివర ఎర్ర ఇంకుతో ‘గుడ్, ఇంప్రూవ్’ అని రెండే ముక్కలు. ఏది గుడ్డో, దేన్ని ఇంప్రూవ్ చేసుకోవాలో దిద్దినాయనకే తెలియాలి. నాకు అసలు చదువు అబ్బింది చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో. పొద్దున్నే పోయి కుర్చీ పట్టుకోవడం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా, సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచి టీ. అప్పటి స్నేహితులు ఇద్దరు ఇప్పటికీ నా జవాబుల్లో తప్పులు పడతారు. ఈ కాలమ్‌తో సహా.

మెయిన్స్ సంగతి చెప్తా విను. 2018లో నా మొదటి మెయిన్స్. జనరల్ స్టడీస్ పేపరంటే మూడు గంటల్లో 20 ప్రశ్నలు. పది మార్కులవి పదింటికి 150 మాటల చొప్పున, పదిహేను మార్కులవి పదింటికి 250 మాటల చొప్పున రాయాలి. సగటున ఒక్కో దానికి 9 నిమిషాలు. మొదటి ప్రశ్న నాకు బాగా వచ్చింది. వచ్చింది కదా అని ఇచ్చిన రెండు పేజీలూ నింపేశాను, ఇంకా చోటుంటే బాగుండుననిపించింది. తలెత్తి చూస్తే ఇరవై రెండు నిమిషాలు అయిపోయాయి. ఆ తర్వాత అంతా పరుగే. చివరి బెల్లు కొట్టేసరికి నాలుగు ప్రశ్నలు ముట్టుకోలేదు. నాలుగూ తెలిసినవే! హాలు మెట్ల మీద కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాను. తెలియక పోగొట్టుకుంటే ఇంత బాధ ఉండేది కాదు.

అందుకే గడియారం కొనుక్కోమంటున్నాను. నూట యాభై పెడితే టేబుల్ గడియారం వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు ఈ పరీక్ష పెట్టే యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటాయి. రోజుకు రెండు ప్రశ్నలు తీసుకుని, గీతల్లేని తెల్లకాగితం మీద, గడియారం ఎదురుగా పెట్టుకుని రాయి. టైమైపోతే వాక్యం మధ్యలో ఉన్నా పెన్ను కింద పెట్టెయ్. మొదటి నెల ఏడుపొస్తుంది. నాకూ వచ్చింది.

తెలుగులో రాయడం గురించి. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు. 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాశారు, ఆప్షనల్ కూడా తెలుగు సాహిత్యమే. ఆయన పేరు అందరూ చెప్తారు. అంతకుముందు ఏళ్ల తరబడి ప్రభుత్వ బడిలో టీచరుగా చేస్తూ చదివారన్న సంగతి మాత్రం తొందరగా దాటేస్తారు.

కానీ ఒక మెలిక ఉంది. ప్రిలిమ్స్ (తొలి దశ వడపోత పరీక్ష) పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. మెయిన్స్ జనరల్ స్టడీస్ ప్రశ్నలూ అంతే. అంటే ఇంగ్లీషులో చదివి, అర్థం చేసుకుని, తెలుగులో రాయాలి. పైగా మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లీషు పేపరు ఒకటి విడిగా ఉంటుంది. పదో తరగతి స్థాయిదే, మార్కులు ర్యాంకుకు కలపరు, కానీ 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు రాసి ఫలితం లేదు. ప్రిలిమ్స్‌లో సీశాట్ అనే రెండో పేపరుకు (పాసేజీలు, లెక్కలు, రీజనింగ్) 200కు 66 తెచ్చుకోవాలి. మన తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా జారిపడేది అక్కడే. ఇంగ్లీషు పాసేజీని రెండుసార్లు చదివేసరికి టైమైపోతుంది. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం పైకి చదువు. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇంకొకటి, ఏ కోచింగులోనూ నాకు ఎవరూ చెప్పనిది. ఇంగ్లీషులో ‘ఇన్ ది విలేజెస్’ మూడు మాటలు. మనకు ‘పల్లెల్లో’ ఒక్కటే. కాబట్టి 150 మాటల్లో తెలుగువాడు చెప్పగలిగే విషయం ఎక్కువ. కానీ వత్తులు, గుడులు, దీర్ఘాలు పెట్టుకుంటూ పోతే చేతికి పని కూడా ఎక్కువే. నా చేతి లెక్క చెప్తున్నా: 150 మాటల ఇంగ్లీషు ఏడు నిమిషాల్లో అయితే, 150 మాటల తెలుగుకు పది పట్టేది. అందుకని నేను తెలుగులో 110 మాటల దగ్గరే ఆపడం నేర్చుకున్నాను. విషయం తగ్గలేదు, టైము మిగిలింది. సాంకేతిక పదాలకు పక్కనే కుండలీకరణాల్లో ఇంగ్లీషు మాట రాసుకోనిస్తారు, అవి మాత్రమే. వాక్యాలకు వాక్యాలు ఇంగ్లీషులో పెడితే మార్కులు కోస్తారు.

తెలుగు సాహిత్యం ఇష్టమని రాశావు. ఇష్టం మంచిదే కానీ మొదటి పేపరులో కవిత్వం కంటే ముందు భాషాశాస్త్రం ఎదురొస్తుంది: ద్రావిడ భాషల్లో తెలుగు స్థానం, తెలుగు, తెనుగు, ఆంధ్రం అన్న మాటల పుట్టుక, ధ్వని మార్పులు. రెండో పేపరులో నన్నయ, తిక్కనల దగ్గర్నుంచి శ్రీశ్రీ, జాషువా దాకా ఉంటారు. తిక్కన రాయబారం పద్యాలు పది తీసుకుని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి చూడు. పదకొండోది చదవాలనిపిస్తే తీసుకో. లేకపోతే నీ డిగ్రీ సబ్జెక్టే మేలు.

డబ్బు మాట. బీసీ స్టడీ సర్కిల్ ప్రకటనలు చూస్తూ ఉండు, అక్కడ కోచింగ్ ఉచితం. ప్రిలిమ్స్ పాసైన తెలంగాణ అభ్యర్థులకు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, సింగరేణి తరఫున లక్ష రూపాయలిచ్చే అభయహస్తం పథకం 2024లో మొదలైంది. ముందు ఇంట్లో కూర్చుని ప్రిలిమ్స్ దాటు.

ఇది మా ఆఫీసు మాట: బీసీ సర్టిఫికెట్ ఉంది కదా అని ఊరుకోకు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మీది ఉందో లేదో చూసుకో. ఉంటే కేంద్రం ఫార్మాటులో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో సంపన్న వర్గం కాదన్న) సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. అప్పుడే నీకు 35 ఏళ్ల దాకా 9 అవకాశాలు. ఆఖరి రోజు చెమటలు కక్కుకుంటూ మా కౌంటర్ దగ్గరికొచ్చే పిల్లల్ని ఏటా చూస్తున్నాను. ఆరోజే సర్వర్ డౌన్ అవుతుంది, అదేం శాపమో.

ప్రశ్న: వయసు 29, ఓసీ. బ్యాంకులో క్లర్కును, నాలుగేళ్ల పాప ఉంది. సివిల్స్‌కి రెండుసార్లు అప్లై చేశాను కానీ పరీక్షకు వెళ్లలేకపోయాను. ఆరింటిలో రెండు అవకాశాలు పోయినట్టేనా? సివిల్స్, గ్రూప్-2 కలిపి చదవొచ్చా?
– ఒంగోలు పాఠకురాలు

జవాబు: పోలేదమ్మా. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరుకైనా కూర్చుంటేనే అది అవకాశం కింద లెక్క. అప్లై చేసి ఇంట్లో ఉంటే ఏమీ పోదు, మీ ఆరూ మీ దగ్గరే ఉన్నాయి. అయితే 32 ఏళ్ల పరిమితి ఉంది కనుక, ఉన్న అవకాశాలన్నీ వాడుకునేంత కాలం మీకు లేదు.

కలిపి చదవడం గురించి నా అనుభవం కాస్త చేదు. పాలిటీ, చరిత్ర, ఎకానమీ రెండింటికీ పనికొస్తాయి, నిజమే. కానీ గ్రూప్-2 బిట్లు పెట్టే పరీక్ష, సివిల్స్ మెయిన్స్ రాసే పరీక్ష. ఒకదానికి తారీఖు గుర్తుండాలి, రెండోదానికి ఆ తారీఖున అలా ఎందుకు జరిగిందో చెప్పాలి. రోజుకు మీకు దొరికేది రెండు గంటలు, అదీ పాప నిద్రపోతే. నేనైతే ఈ ఏడాది గ్రూప్-2 మీదే కూర్చుంటాను. అది వచ్చాక సివిల్స్ రాయాలనిపిస్తే రాయండి. నేను అలాగే చేశాను, రాలేదు, జీతం మాత్రం ఒకటో తారీఖున వచ్చింది.

ప్రశ్న: మా అబ్బాయి రోజుకు పదహారు గంటలు గది తలుపేసుకుని చదువుతున్నాడు. ఇంత చదివితే చాలా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: పదహారు గంటలు ఎవరూ చదవలేరండి, నేనూ మా నాన్నకు అలాగే చెప్పేవాడిని. అన్నం వేళకు తలుపు కొట్టి బయటికి పిలవండి. ఈరోజు ఏం చదివావని అడగొద్దు. పక్కింటాయన కొడుకు ర్యాంకు గురించి అసలే ఎత్తొద్దు. బజారుకు తీసుకెళ్లి కూరగాయలు మోయించండి.