పెళ్లికి దాచిన ఎఫ్‌డీని ఇప్పుడు కదపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. మా అమ్మాయికి 23 ఏళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. అండాశయంలో కణితి ఉందని, మూడు వారాల్లో విజయవాడలో ఆపరేషన్ చేస్తామని చెప్పారు. ముందుగా అండాలు తీసి భద్రపరచాలంటే రూ.1.80 లక్షలు అవుతుందట. పెళ్లికని వేసిన రూ.8 లక్షల ఎఫ్‌డీకి ఇంకా 14 నెలల గడువుంది. కోల్డ్ స్టోరేజీలో 60 టిక్కీల (బస్తాల) మిర్చి ఉంది కానీ రేటు లేదు. దేన్ని తీయమంటారు?

జవాబు: డబ్బు కట్టే ముందు ఆపరేషన్ చేసే డాక్టరు గారిని రెండు విషయాలు అడగండి. ఒక అండాశయాన్ని మాత్రమే తొలగించి, రెండోదాన్నీ గర్భసంచినీ ఉంచగలిగితే పిల్లలు పుట్టే అవకాశం చాలామందికి మిగిలే ఉంటుంది కనుక, మీ అమ్మాయి విషయంలో అండాలను భద్రపరచడం నిజంగా అవసరమా అన్నది మొదటిది. క్యాన్సర్ అనుమానమున్న అండాశయంలోకి సూది పంపితే లోపలి కణాలు బయటికి చిందవచ్చు కాబట్టి, ఆపరేషన్‌కు ముందు అండాలు తీయడం క్షేమమేనా అన్నది రెండవది. వీటికి జవాబు రాకుండా అడ్వాన్సు కట్టవద్దు. అవసరమేనని ఆయన చెబితే మాత్రం ఈ వారమే తేల్చుకోవాలి, ఎందుకంటే అండాలు ఎదగడానికి ఇచ్చే ఇంజెక్షన్లకే సాధారణంగా 10 నుంచి 14 రోజులు పడుతుంది.

అందువల్ల మిర్చి రేటు కోసం ఆగే వీలు లేదు. అలాగని ఎఫ్‌డీని రద్దు చేయనక్కర లేదు, దాని మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినంత వాడుకునే అప్పు) తీసుకోండి. వడ్డీ మీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటిన్నర శాతం ఎక్కువ ఉందనుకుంటే, రూ.1.80 లక్షలు ఆరు నెలలు వాడుకున్నందుకు మీకు అదనంగా పడేది సుమారు రూ.1,350 మాత్రమే, గడువుకు ముందే రద్దు చేస్తే సాధారణంగా మొత్తం రూ.8 లక్షల మీదా వడ్డీ తగ్గిస్తారు. టిక్కీలు అమ్మిన రోజున అప్పు తీర్చేయవచ్చు. పెళ్లి సొమ్ము ముట్టుకుంటున్నామన్న బాధ మీ ఉత్తరంలో కనిపించింది. నా లెక్కలో ఇది కూడా ఆమె సంసారం కోసం పెడుతున్న ఖర్చే.

ఆరోగ్య బీమా ఉంటే, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన కాలం) వంటి షరతులకు లోబడి ఆపరేషన్ ఖర్చు వస్తుంది కానీ, సంతానలేమి చికిత్సలను చాలా పాలసీలు మినహాయిస్తాయి కనుక అండాల ఖర్చు వస్తుందని నమ్ముకోవద్దు. ఆ బిల్లును విడిగా రాయించుకోండి. రెండూ కలిస్తే ఆపరేషన్ క్లెయిము కూడా ప్రశ్నల్లో చిక్కుకోవచ్చు. రైస్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్‌కు ముందే అనుమతి దొరుకుతుందేమో ఆసుపత్రిలోని ఆ కౌంటరులో కనుక్కోండి.

చెప్పిన రూ.1.80 లక్షల్లో ఇంజెక్షన్లు, మత్తుమందు, మొదటి ఏడాది నిల్వ కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాత ఏటేటా కట్టే నిల్వ రుసుము కోసం అమ్మాయి పేరున పొదుపు ఖాతా తెరిచి ఆటో డెబిట్ పెట్టండి. అంగీకార పత్రాల మీద సంతకం ఆమెదే కావాలి; ఫోన్ నంబరో చిరునామానో మారితే ఆ కేంద్రానికి తెలియజేయాల్సిందీ ఆమే.