డబ్బు ఎదురు కట్టి రాళ్లు మోయడానికి ఫ్రాన్స్ వెళ్లాలా?

హన్మకొండ నుంచి ఒక తండ్రి రాశారు: "నేను బిల్డింగ్ కాంట్రాక్టర్‌ని. మా అమ్మాయి బీఆర్క్ మూడో ఏడు చదువుతోంది. ఫ్రాన్స్‌లో పాత కోటల గోడలు బాగుచేసే వాలంటీర్ క్యాంపుకి మూడు వారాలు వెళ్తానని పట్టుబట్టింది. జీతం లేదు సరికదా, తిండికి మనమే ఎదురు కట్టాలట. మేస్త్రీ పని చూడాలంటే నా సైటుకి వస్తే చాలదా? దీంతో రేపు ఉద్యోగానికి ఏమైనా ఒరుగుతుందా? ఒంటరిగా పంపాలంటే వాళ్లమ్మకి టెన్షన్. ఏం చేయమంటారు?"

సర్, నా మాట ముందే చెప్పేస్తాను. పంపించండి. కాని వెళ్లేలోపు ఒక నెల రోజులు అమ్మాయిని మీ సైటులోనే పెట్టండి, ఆఫీసు గదిలో డ్రాయింగుల ముందు కాదు, మీ తాపీ మేస్త్రీ పక్కన. పొద్దున్నే వచ్చి మాల్ కలిపి, ఇటుక అందించి, సాయంత్రం తట్టలు కడిగి ఇంటికి వచ్చి, మర్నాడు కూడా తనంతట తనే బయల్దేరితే టికెట్ కొనండి. వారం తిరక్కుండానే ఏదో ఒక సాకు చెబితే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఎందుకంటే క్యాంపుల బ్రోషర్లలో కోట బురుజు, సూర్యాస్తమయం, నవ్వుతున్న ముఖాలు కనిపిస్తాయి గానీ, రోజులో ఎక్కువ భాగం గడిచేది ఒకే గోడ ముందు, ఒకే రెండు గజాల మేర, మోకాళ్ల మీద.

ఆ రోజు ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను, నిర్ణయం తీసుకోవడానికి అదే పనికొస్తుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి క్యాంపులు నడిపే సంఘాలు చాలా ఉన్నాయి. వాటిలో పెద్ద సమాఖ్య రెంపార్, 1966లో మొదలైంది. దేశమంతటా ఊరూరా ఉన్న చిన్న స్థానిక సంఘాలు దాని కింద పనిచేస్తాయి. కూలిపోతున్న కోటలు, చర్చిలు, పాత మిల్లులు, ఊరి చాకిరేవు తొట్లు, ఇలాంటివే వాళ్ల పని. క్యాంపులో ఉండేది టెంటు, లేదంటే పది మందికో హాలు. పొద్దున రొట్టె, జామ్, కాఫీ, ఎనిమిదిన్నర ప్రాంతంలో పని మొదలు. రోజుకి ఆరు గంటల దాకా పని, కొన్నిచోట్ల మధ్యాహ్నం భోజనం వరకే, తర్వాత తీరిక. వంటకి, గిన్నెలకి వంతులుంటాయి, అందరికీ వస్తాయి, తప్పించుకోలేరు. తన వంతు వచ్చిన రోజు పదిహేను మందికి రెండు పూటలా వండాలి, అక్కడ మన కుక్కర్ ఉండదు, కాబట్టి గంజి వార్చి అన్నం వండటం, పెద్ద గిన్నెలో పప్పు చేయడం ఇంట్లో ఇప్పుడే అలవాటు చేయించండి. శాకాహారి అయితే దరఖాస్తులోనే రాయాలి. జులైలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది, సాయంత్రాలు చాలా పొడుగ్గా గడుస్తాయి, ఆ గంటల్లోనే ఫ్రెంచి నాలుగు ముక్కలు వంటబడతాయి.

ఇక పని. మీరు కాంట్రాక్టర్ కాబట్టి వెంటనే అర్థమవుతుంది. పాత రాతిగోడలో జాయింట్ల మధ్య పాడైపోయిన మాల్‌ని, చాలాచోట్ల నలభై యాభై ఏళ్ల కిందట ఎవరో అడ్డదిడ్డంగా నింపిన సిమెంటుని, చిన్న ఉలి, సుత్తి పట్టుకుని రాయి అంచు పగలకుండా తీసేయాలి. బ్రష్షుతో దుమ్ము దులిపి, జాయింట్‌ని నీళ్లతో బాగా తడపాలి, తడపకపోతే ఎండిన రాయి కొత్త మాల్‌లోని నీళ్లు పీల్చేసుకుని అది పొడిపొడిగా రాలిపోతుంది. ఒక పాలు సున్నానికి రెండున్నర, మూడు పాళ్ల ఇసుక, నీళ్లు చాలా తక్కువ, పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచేంత. సన్నటి తాపీతో లోపలికంటా నొక్కి నింపి, అప్పుడు ఆగాలి. మొదటిసారి వెళ్లినవాళ్లకి ఈ ఆగడమే కష్టం. బొటనవేలితో నొక్కితే ముద్ర పడీపడనట్టు ఉన్నప్పుడు గట్టి బ్రష్షుతో పోటు పొడిచినట్టు కొట్టి, పైపొర తీసేసి, ఇసుక రేణువులు బయటికి కనిపించేలా చేయాలి. ముందే కొడితే మాల్ ఊడొస్తుంది, ఆలస్యమైతే గట్టిపడిపోయి బ్రష్షుకి లొంగదు. ఎండ ఎక్కువగా ఉంటే తడి గోనెలు వేలాడదీసి కాపాడాలి. ఇన్ని చేస్తే పొద్దున్నుంచి భోజనం దాకా ఇద్దరు కలిసి చేసింది ఒక చాప పరిచినంత మేర ఉంటుంది, అంతే.

సైటులో చాలదా అన్నారు కదా. చాలదు సర్, మీ పని తక్కువని కాదు. మీ సైటులో సిమెంటు, కాంక్రీటు, ఇటుక. ఆ పాత గోడలు కట్టింది సున్నంతో. సున్నం మెత్తగా ఉంటుంది, తేమని లోపల బంధించకుండా బయటికి వదులుతుంది, గోడ కాస్త కదిలినా తట్టుకుంటుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమకి దారి మూసుకుపోయి, అది మెత్తటి రాయిలోంచి బయటపడాలని చూస్తుంది, రాయి ముఖం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. ఈ సంగతి మన దగ్గరా జరిగిందే. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖతో కలిసి చేసిన పనిలో పెద్ద భాగం, గతంలో రిపేర్ల పేరుతో పూసిన సిమెంటుని తీసి మళ్లీ డంగు సున్నం పూయడమే. గోల్కొండ బావులకి చేసిన పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. మీ ఇంటి పక్కనే ఖిలా వరంగల్ ఉంది, గంటన్నర దూరంలో రామప్ప ఉంది, 2021 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో. ఆ కట్టడాలని చూసుకోవాల్సిన ఆర్కిటెక్టుల్లో సున్నం తమ చేత్తో కలిపినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఈ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. బీఆర్క్‌లో ఉండే ప్రాక్టికల్ ట్రైనింగ్‌కి ఇది బదులు కాదు, ఆ సెమిస్టర్ ఆర్కిటెక్ట్ ఆఫీసులో విడిగా చేయాల్సిందే. పనికొచ్చేది ఎక్కడంటే, ఢిల్లీ, భోపాల్ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లలోనో అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలోనో కన్సర్వేషన్ (పాత కట్టడాల పరిరక్షణ) పీజీకి వెళ్దామనుకున్నప్పుడు, పోర్ట్‌ఫోలియోలో తను బాగుచేసిన రెండు గజాల గోడ ఫొటోలు, ముందు ఎలా ఉంది, ఏం తీశాం, ఏ పాళ్లలో కలిపాం అన్న నోట్సు పెడితే, ఇంటర్వ్యూలో ప్రశ్నలు దాని చుట్టూనే తిరుగుతాయి, వాటికి సమాధానం పుస్తకంలోంచి కాక తన చేతుల్లోంచి వస్తుంది. అమ్మాయికి ఆ వైపు ఆసక్తి లేకపోతే, హైరైజ్ డిజైన్ చేయాలనుకుంటే, ఇదే డబ్బు ఇంకోదానికి పెట్టడం మేలు. వెళ్లే ముందు ఈ ప్రశ్న మీరు కాదు, తను తేల్చుకోవాలి.

కూలి పని అన్న మాట మీ ఉత్తరంలో లేదు, కాని వెనక వినిపించింది. ఒక చిన్న సంగతి చెబుతాను. చదువుకున్నవాళ్లు పార పట్టుకుని వేరే దేశం ఊళ్లు కట్టే ఈ పద్ధతికి మొదటి పెద్ద పేరు పియర్ సెరెసోల్‌ది, స్విట్జర్లాండ్ ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన, ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గరి ఒక పల్లెని తిరిగి కట్టడానికి 1920లో పలు దేశాల వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లాడు, అందులో ఆనాటి శత్రుదేశం జర్మనీ వాళ్లూ ఉన్నారు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ అలా పుట్టింది. 1934లో బిహార్ భూకంపం తర్వాత ఆయన ఇక్కడికీ వచ్చి ఊళ్లు తిరిగి కట్టే పనిలో దిగాడు. కాబట్టి మీ అమ్మాయి కోరుతున్నది వింత కోరిక కాదు.

భద్రత గురించి అమ్మకి ఇలా చెప్పండి: మంచి క్యాంపుల్లో ఇద్దరు బాధ్యులు ఉంటారు, ఒకరు పని నేర్పేవాళ్లు, ఇంకొకరు పిల్లల ఉండటం, తినడం, బాగోగులు చూసేవాళ్లు. దరఖాస్తుకి ముందే ఈమెయిల్‌లో వాళ్ల గురించి అడగండి, ఆడపిల్లలకి పడక వేరేగా ఉందా, బాత్‌రూములు ఎన్ని, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, ప్రమాద బీమా ఎవరిది అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, సరైన సంఘం చక్కగా జవాబిస్తుంది, జవాబివ్వని చోటుకి వెళ్లకూడదు. స్టీలు ముక్కు బూట్లు ఇక్కడే కొని, నెల రోజులు మీ సైటులో వాడించి, కాలికి అలవాటైనవే పంపండి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా మాల్ దగ్గరికి వెళ్లొద్దని గట్టిగా చెప్పండి.

ఖర్చులో సింహభాగం విమానం టికెట్, క్యాంపుకి కట్టేది చాలా తక్కువ. ఫ్రాన్స్‌కి కావాల్సిన షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి ఒకే వీసా) ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ వేరే, కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, వేసవిలో రద్దీ కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఎవరో ఏజెంటు "టూరిస్ట్ అని రాసేయండి" అంటే వినొద్దు, సంఘం ఇచ్చిన ఆహ్వాన పత్రం జతచేసి, చేయబోయేది ఏదో అదే రాయాలి. ఒక చిక్కు ఉంది: క్యాంపులు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో, మన సెలవులు అంతకు ముందే. అటెండెన్స్ 75 శాతం దగ్గర దెబ్బ తినకుండా కాలేజీ క్యాలెండర్ చూసుకుని, ముందుగా మొదలయ్యే క్యాంపులు వెతకమనండి.

ఇంకో హెచ్చరిక. రెండు వారాలు పేద దేశంలో బడి గోడ కట్టిస్తామని లక్షలు అడిగే కంపెనీలు ఉన్నాయి. అక్కడి మేస్త్రీ రెండు రోజుల్లో కట్టే గోడని పని రాని పదిహేను మంది రెండు వారాలు కడతారు, ఆ డబ్బుతో ఆ ఊరి మేస్త్రీకే పని ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది నాకు. క్యాంపు ఎంచుకునేటప్పుడు అడగాల్సింది రెండే: పని నేర్పేది ఎవరు, మేం వెళ్లిపోయాక ఆ గోడని చూసుకునేది ఎవరు. ఫ్రెంచి సంఘాలు చాలావరకు ఒకే కట్టడం మీద ఏళ్ల తరబడి ఉంటాయి, నేను వాటివైపు మొగ్గడానికి కారణం అదే.

అమ్మాయి ఎంచుకున్న క్యాంపు పేజీ, తేదీలు, కాలేజీ క్యాలెండర్ ఈ మూడూ పంపండి, చూసి చెబుతాను. ఈలోపు సోమవారం నుంచి మీ మేస్త్రీతో మాట్లాడి పెట్టండి, కాంట్రాక్టర్ కూతురని కుర్చీ వేయొద్దని కూడా చెప్పండి.