పొట్టిగా ఉంటే బాస్కెట్‌బాల్ ఆడకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ఈ ఏడాది స్కూల్లో బాస్కెట్‌బాల్‌లో చేరింది. సాయంత్రం వెళ్లి కూర్చుని చూస్తాను కానీ విజిల్ ఎందుకు వేస్తారో, ఒకసారి రెండు పాయింట్లు, ఇంకోసారి మూడు ఎందుకిస్తారో ఒక్క ముక్క అర్థం కాదు. పైగా పిల్ల కాస్త పొట్టి. మా అత్తగారు ‘ఆడితే పొడుగవుతుందిలే’ అంటారు, ఆడపడుచేమో ‘పొట్టిపిల్లకి ఆ ఆటెందుకు’ అంటుంది. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: ఇద్దరి మాటా వినకండి. ఎత్తు చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చేదే, బంతి ఆడితే ఎముకలు సాగవు. టీముల్లో అంతా పొడుగువాళ్లే కనిపిస్తారంటే, పొడుగ్గా ఉన్నవాళ్లని ఏరి తీసుకుంటారు కాబట్టి. ఇక పొట్టి సంగతంటారా, అమెరికాలో మగ్సీ బోగ్స్ అని ఒకాయన ఉన్నాడు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. ఎంత పొడుగు మనిషైనా బంతిని నేలకు కొట్టాల్సిందే కదా, అది కిందికి దిగిన చోట ఈయన చెయ్యి సిద్ధంగా ఉండేది. రింగ్ దగ్గర పొడుగువాళ్లకు లాభం ఉంది, కాదనను. కానీ బంతిని అవతలి కోర్టుకు తీసుకెళ్లి, ఎవరికి పాస్ ఇవ్వాలో చూసి ఆట నడిపించే పాయింట్ గార్డ్‌కి కావాల్సింది చేతి నేర్పు, చురుకైన కాళ్లు.

ఆ రింగ్ 10 అడుగుల ఎత్తులోనే ఎందుకుందో తెలుసా? 1891 డిసెంబర్‌లో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు, చలికి బయట ఆడలేని కుర్రాళ్ల కోసం ఈ ఆట కనిపెట్టాడు. పీచ్ పళ్ల బుట్టలు రెండు తెప్పించి జిమ్ బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టించాడు. అది 10 అడుగుల ఎత్తులో ఉంది, అంతే, ఇప్పటికీ పెద్దవాళ్ల ఆటలో అదే కొలత. బుట్ట అడుగుభాగం మూసే ఉండేది కాబట్టి బంతి పడ్డ ప్రతిసారీ ఎవరో ఒకరు ఎక్కి తీయాల్సిందే!

పాయింట్ల లెక్క తేలిక. రింగ్ చుట్టూ విల్లులా పెద్ద గీత ఉంటుంది, అంతర్జాతీయ నియమాల్లో 6.75 మీటర్ల దూరంలో. దాని బయటి నుంచి వేస్తే మూడు, లోపలి నుంచి వేస్తే రెండు. కాలు గీత మీద పడినా రెండే, పిల్లలు గొడవపడేది ఎక్కువగా ఇక్కడే. ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్, అంటే ఫ్రీ త్రోకి ఒకటి.

విజిల్ సంగతికొస్తే, కొత్తగా నేర్చుకునేవాళ్ల ఆటలో అది ఎక్కువగా కాళ్ల వల్లే మోగుతుంది. బంతిని నేలకు కొడుతూ (దీన్నే డ్రిబుల్ అంటారు) ఎంత దూరమైనా పరిగెత్తొచ్చు, చేతుల్లోకి తీసుకున్నాక మాత్రం రెండడుగులకు మించి వేయకూడదు, వేస్తే ట్రావెలింగ్. ఒకసారి డ్రిబుల్ ఆపి బంతి పట్టుకున్నాక మళ్లీ కొట్టడం మొదలుపెడితే డబుల్ డ్రిబుల్. రెండింటికీ శిక్ష ఒకటే, బంతి అవతలివాళ్లకి. ఫౌల్ వేరు, అది మనిషిని తోసినా, పట్టుకున్నా, చేతిమీద కొట్టినా. ఒకే ప్లేయర్ ఐదు ఫౌల్స్ చేస్తే ఇక ఆ మ్యాచ్‌కి సెలవు. పెద్ద మ్యాచ్‌ల్లో గడియారం కూడా ఉంటుంది, కబడ్డీ రైడ్‌కి 30 సెకన్లు ఉన్నట్టే ఇక్కడ బంతి దొరికిన టీమ్ 24 సెకన్లలో షాట్ వెయ్యాలి. టీమ్‌కి ఐదుగురు, పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. చూడ్డానికి ఇంతమాత్రం తెలిస్తే చాలు, మిగతాది నాలుగు మ్యాచ్‌లు చూస్తే మీకే వచ్చేస్తుంది.

ప్రశ్న: ఇంట్లో ప్రాక్టీస్‌కి బంతి కొనాలి. ఏ సైజు? ఇంటి దగ్గర రింగ్ లేదు, మరి ఉపయోగం ఉంటుందా?
– పై పాఠకురాలే

జవాబు: మగవాళ్లకు 7, ఆడవాళ్లకు 6, చిన్నపిల్లలకు 5. మీ అమ్మాయి వయసుకి ఐదా ఆరా అన్నది కోచ్‌నే అడగండి, అక్కడొకటి ఇంట్లో ఒకటి అయితే చెయ్యి తికమకపడుతుంది. సిమెంటు నేల మీదైతే రబ్బరు బంతే కొనండి, ఖరీదైన లెదర్ బంతి గరుకు నేలకి తొందరగా అరిగిపోతుంది. రింగ్ లేకపోయినా టెన్షన్ పడకండి. కొత్తవాళ్లందరికీ షాట్ల మీదే మోజు, కానీ ముందు రావాల్సింది డ్రిబుల్. రోజూ పది నిమిషాలు, అందులో ఎక్కువసేపు ఎడం చేత్తో, బంతి వైపు చూడకుండా కొట్టమనండి. మీరు ఎదురుగా నిలబడి వేళ్లు చూపించి ‘ఎన్ని?’ అని అడుగుతూ ఉంటే తల దించదు. మేడ మీద ఇల్లయితే మాత్రం, కిందివాళ్లు మధ్యాహ్నం ఎప్పుడు పడుకుంటారో ముందే కనుక్కోండి.