ఎనిమిదో రోజున ఓడిపోయానన్నావు

చిరంజీవి రవికి,

పెదనాన్న ఆశీస్సులు. "నా మనసు గట్టిది కాదు పెదనాన్నా, ఎనిమిదో రోజున మళ్లీ సిగరెట్ తాగేశాను" అని నిన్న ఫోన్లో అన్నావు. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు. నీ మనసులో ఏ లోపమూ లేదురా. నేను 22 ఏళ్లు తాగి, నాలుగోసారికి మానినవాణ్ణి.

మన ఒంగోలు వైపు పొగాకు చేలల్లో పెరిగాను నేను. పదమూడేళ్లప్పుడు మంచుకి తడిసిన ఆకు కోసి, మధ్యాహ్నానికి కళ్లు తిరిగి వాంతులు చేసుకున్నాను. తడి ఆకు తగిలితే నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. పురుగులు తినకుండా ఆ మొక్క తయారు చేసుకునే విషం అది. దాన్ని అలా కక్కేసిన ఒళ్లే పదేళ్లు తిరిగేసరికి రోజుకో పెట్టె అడిగింది. ఈ మధ్యలో మారింది నా మెదడు.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. మన ఒంట్లోనే పుట్టే అసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి అక్కడ పీటలు వేసి ఉంటాయి. ఇది వచ్చి వాటి మీద కూర్చుంటుంది. దాంతో డోపమైన్ విడుదలవుతుంది. "ఇది బాగుంది, మళ్లీ చెయ్యి" అని మెదడుకు నేర్పేది అదే. రోజూ తాగుతుంటే ఆ పీటలు మొద్దుబారతాయి, మెదడు ఇంకొన్ని పీటలు వేస్తుంది. సుమారు రెండు గంటలకల్లా రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. అప్పుడు ఖాళీ పీటలన్నీ ఒక్కసారిగా అడగడం మొదలెడతాయి. నీకొచ్చే చిరాకు, టెన్షన్ చాలావరకు అదే. సిగరెట్ తగ్గించేది తాను తెచ్చిన టెన్షన్‌నే.

మానిన రెండో రోజు, మూడో రోజు అన్నిటికన్నా కష్టం. మూడు నాలుగు వారాల్లో బాగా తగ్గుతుంది. అదనంగా వేసిన పీటల్ని మెదడు రెండు మూడు నెలల్లో ఎత్తేస్తుంది. నువ్వు ఎనిమిది రోజులు ఆగావంటే కష్టమైన భాగం దాటేశావు, తెలుసా?

నేను ఓడిన మూడుసార్లూ టీ కొట్టు దగ్గరే. గ్లాసు చేతిలోకి రాగానే వేళ్లు సిగరెట్ వెతుకుతాయి. ఇది జ్ఞాపకం చేసే పని, నెలల తర్వాత కూడా వస్తుంది. కానీ ఆ కోరిక కొన్ని నిమిషాలే ఉంటుంది. లేచి నడువు, నీళ్లు తాగు. టీ, కాఫీలు సగానికి తగ్గించు. పొగ మానేశాక కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, ఆ దడని కూడా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటావు.

నికోటిన్ గమ్ నువ్వు తప్పుగా వాడావనిపిస్తోంది. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. నాలుగైదుసార్లు నమిలి, ఘాటు తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఉంచు. ఘాటు పోయాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచి టీ తాగకు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగిస్తున్నావు కాబట్టి 4 మిల్లీగ్రాములది కావాలేమో డాక్టర్ని అడుగు, మాత్రలు కూడా ఉన్నాయి. 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడి సాయం చేస్తారు.

మానే తేదీ సోమవారం పెట్టుకో. నేను ఆదివారం రాత్రి బస్సుకి బయల్దేరుతున్నాను, గురువారం దాకా నీ దగ్గరే ఉంటాను. టీ కొట్టు వైపు కాకుండా ఇంకో దారిలో నడుద్దాం.

మీ పెదనాన్న